పగలు పని, సాయంత్రం బంతి: పార్ట్‌టైమ్ ఫుట్‌బాల్ ఆటగాడి జీవితం ఎలా సాగుతుంది?

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరానికి సమీపాన స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న పట్టణం ఉంది. ఉక్కు పరిశ్రమకు పేరుపొందిన ఊరు కావడంతో అక్కడి ఫుట్‌బాల్ క్లబ్ పేరులోనూ ఉక్కు చేరింది. స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అనే ఆ జట్టు 2007 ప్రాంతంలో పొరుగూళ్లకు వెళ్లి ఆడినప్పుడు ప్రేక్షకులకు ఒక వింత దృశ్యం కనిపించేది. ఆ జట్టులోని ఒక యువ ఫార్వర్డ్ గంటసేపు ఆడి మైదానం వీడేవాడు. కంచె దాటి, బయట వేచి ఉన్న తల్లిదండ్రుల కారెక్కి ఇంటికి బయలుదేరేవాడు. అందుకు కారణం గాయం కాదు. ఒక దాడి కేసులో దోషిగా తేలడంతో అతడి కాలికి ఎలక్ట్రానిక్ పరికరం అమర్చారు. ఆరు నెలల పాటు, నిర్ణీత వేళ దాటాక ఇంటి గడప దాటరాదన్నది శిక్షలో భాగం.

ఆ క్లబ్ అతడికి మొదట్లో ఇచ్చిన జీతం వారానికి 30 పౌండ్లు. నాటి మారకపు విలువ ప్రకారం దాదాపు 2,400 రూపాయలు. ఆ సొమ్ముతో బతకడం సాధ్యం కాదు కాబట్టి, నడిచేటప్పుడు పాదం పైకెత్తలేని రోగులకు ఊతగా అమర్చే కార్బన్ ఫైబర్ పరికరాలు తయారు చేసే కర్మాగారంలో కార్మికుడిగా పనిచేసేవాడు. పగలు కర్మాగారం, సాయంత్రం సాధన, శనివారం మ్యాచ్.

ఆ యువకుడి పేరు జేమీ వార్డీ. 2016 మే నెలలో అతడు లెస్టర్ సిటీ జట్టు సభ్యుడిగా ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ విజేత అయ్యాడు.

వార్డీ ప్రస్థానాన్ని ప్రపంచం ఒక అద్భుతంగా చెప్పుకొంది. అయితే అద్భుతం అన్న మాట దగ్గరే ఆగిపోతే అసలు ప్రశ్న మిగిలిపోతుంది. పెద్ద క్లబ్ 16 ఏళ్ల వయసులో వద్దని పంపేసిన కుర్రాడు, 25 ఏళ్లు వచ్చేదాకా ఆటలో ఎలా నిలిచాడు? అతడిని నిలిపినవి రెండు. ఒకటి, ఆట పెట్టలేని తిండి పెట్టిన మరో ఉద్యోగం. రెండోది, అట్టడుగు నుంచి పైదాకా మెట్లు తెగిపోని లీగ్ వ్యవస్థ. పార్ట్‌టైమ్ వృత్తి ఆటగాడి జీవితమంతా ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది. ఇందులో ఏ ఒక్కటి లేకున్నా ఏమవుతుందో అర్థం చేసుకోవడానికి భారత ఫుట్‌బాల్ చరిత్ర కూడా పనికొస్తుంది.

వృత్తి ఆటగాడు అంటే ఎవరు?

వృత్తి ఆటగాడు అనగానే కోట్ల రూపాయల ఒప్పందాలు, ఖరీదైన కార్లు గుర్తుకు రావడం సహజం. కానీ ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఇచ్చే నిర్వచనం చాలా నిరాడంబరంగా ఉంటుంది. క్లబ్‌తో రాతపూర్వక ఒప్పందం ఉండి, ఆడటానికి తనకయ్యే ఖర్చు కంటే ఎక్కువ సొమ్ము అందుకునే ప్రతి ఆటగాడూ వృత్తి ఆటగాడే. మిగిలిన వారందరూ ఔత్సాహికులు. అంటే ఆట మీద వచ్చే ఆదాయంతోనే ఇల్లు గడవాలన్న షరతు ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు.

ఈ ఖాళీలోనే పార్ట్‌టైమ్ ఆటగాడు కనిపిస్తాడు. ఇంగ్లండ్‌లో ఇలాంటి వారిని సెమీ ప్రొఫెషనల్ అని కూడా పిలుస్తారు. క్లబ్ ఇచ్చే సొమ్ము వారికి ప్రయాణ ఖర్చుల కంటే ఎక్కువ, ఇంటి ఖర్చుల కంటే తక్కువ. తక్కిన లోటును మరో ఉద్యోగం పూడుస్తుంది. తాపీ పని, కరెంటు పని, బడిలో పాఠాలు, గిడ్డంగిలో కూలి... ఏదైనా కావచ్చు.

కింది శ్రేణుల్లో అసలు ఒప్పందమే లేకుండా ఆడేవారూ చాలామంది ఉంటారు. అలాంటి ఆటగాడిని మరో క్లబ్ తీసుకోవాలనుకుంటే, ప్రస్తుత క్లబ్‌కు ఏడు రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు. దీనివల్ల ఆటగాడికి స్వేచ్ఛ ఉంటుంది. అదే సమయంలో భద్రత ఉండదు. వచ్చే వారం జట్టులో చోటు ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు.

దిగ్గజాలకూ రెండో పని తప్పలేదు

పార్ట్‌టైమ్ ఆట అన్నది చిన్న ఆటగాళ్లకే పరిమితమన్న అభిప్రాయం సరికాదు. ఇంగ్లండ్‌లో వృత్తి ఫుట్‌బాల్‌కు 1885లోనే అధికారిక గుర్తింపు లభించింది. కానీ ఆటగాళ్ల జీతాలపై 1901 నుంచి 1961 వరకు గరిష్ఠ పరిమితి అమల్లో ఉంది. ఆ పరిమితిని తొలగించే నాటికి అగ్రశ్రేణి ఆటగాడికి సైతం వారానికి 20 పౌండ్లకు మించి చెల్లించడానికి వీల్లేదు.

ప్రెస్టన్ నార్త్ ఎండ్ క్లబ్‌కు ఆడిన టామ్ ఫిన్నీ ఆ కాలపు మహా ఆటగాళ్లలో ఒకరు. ఇంగ్లండ్ తరఫున 76 మ్యాచ్‌లు ఆడి 30 గోల్స్ చేశారు. ఆయనకు అభిమానులు పెట్టిన పేరు 'ప్రెస్టన్ ప్లంబర్'. అది అలంకారం కోసం పెట్టిన పేరు కాదు, ఆయన నిజంగానే నీటి గొట్టాల పని నేర్చుకుని ఆ పని చేశారు. దేశం మొత్తం మెచ్చిన ఆటగాడికి కూడా చేతిలో మరో విద్య ఉండటం నాడు అవసరమే.

పరిమితి తొలగిన తరువాత పై శ్రేణుల్లో జీతాలు పెరుగుతూ పోయాయి. కింది శ్రేణుల్లో మాత్రం పాత జీవితమే కొనసాగింది. ఇంగ్లండ్‌కు 78 మ్యాచ్‌లు ఆడిన డిఫెండర్ స్టువర్ట్ పియర్స్ వీల్డ్‌స్టోన్ అనే చిన్న క్లబ్‌లో ఆడుతూ ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాడు. 1983లో పెద్ద క్లబ్ కోవెంట్రీ సిటీకి మారాడు. రెండేళ్ల తరువాత నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు వెళ్లాక కూడా ఆటలో తన భవిష్యత్తుపై అతడికి పూర్తి నమ్మకం కుదరలేదు. కరెంటు పనులు చేసి పెడతానంటూ క్లబ్ మ్యాచ్ పత్రికలోనే ప్రకటన ఇచ్చుకున్నాడు. జాతీయ జట్టు స్థాయి ఆటగాడు ప్రేక్షకుల ఇళ్లలో కరెంటు తీగలు సరిచేస్తానని చెప్పుకోవడం నేడు ఊహకు అందదు. కానీ చేతిలోని పనిని వదలకూడదన్న జాగ్రత్త పార్ట్‌టైమ్ ఆటగాడికి అలవాటైన ఆలోచనే.

తరువాతి కాలంలో ఆర్సెనల్ తరఫున 185 గోల్స్ చేసిన ఇయాన్ రైట్ కథా ఇలాంటిదే. గోడలకు ప్లాస్టరింగ్ చేసే పనిలో ఉంటూ చిన్న క్లబ్బుల్లో ఆడిన అతడు, 22 ఏళ్లు నిండబోయే వేళ 1985లో క్రిస్టల్ ప్యాలెస్‌లో చేరాడు. అప్పటికి అతడి వయసు ఆటగాళ్లు అనేకులు వృత్తిలో నాలుగైదేళ్లు పూర్తి చేసి ఉంటారు.

ఎనిమిదో మెట్టు నుంచి మొదటి మెట్టు దాకా

వార్డీ ప్రయాణాన్ని అర్థం చేసుకోవాలంటే ఇంగ్లండ్ లీగ్ వ్యవస్థ తెలియాలి. అది ఒక పిరమిడ్ ఆకారంలో ఉంటుంది. శిఖరాన 20 జట్ల ప్రీమియర్ లీగ్. దాని కింద ఒక్కోదానిలో 24 జట్లు ఉండే చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ. ఈ నాలుగు శ్రేణుల్లోని 92 క్లబ్బులూ ప్రధానంగా పూర్తికాల ఆటగాళ్లతో నడుస్తాయి. ఐదో శ్రేణి నుంచి కిందికి దిగుతున్న కొద్దీ పార్ట్‌టైమ్ క్లబ్బుల సంఖ్య పెరుగుతుంది. ప్రతి శ్రేణిలోనూ పైన నిలిచినవారు పైకి వెళతారు, అట్టడుగున నిలిచినవారు కిందికి దిగుతారు. సూత్రప్రాయంగా ఏ ఊరి జట్టయినా ఏటా ఒక్కో మెట్టు ఎక్కుతూ ప్రీమియర్ లీగ్ చేరవచ్చు.

1987 జనవరి 11న షెఫీల్డ్‌లో పుట్టిన వార్డీ, తాను అభిమానించిన షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్ బాలల జట్టులో పెరిగాడు. 16 ఏళ్ల వయసులో, ఒడ్డూ పొడుగూ చాలవన్న కారణంతో క్లబ్ అతడిని వదులుకుంది. ఆ తరువాత చేరింది స్టాక్స్‌బ్రిడ్జ్‌లో. అతడు సీనియర్ జట్టులోకి వచ్చేనాటికి ఆ క్లబ్ ఎనిమిదో శ్రేణిలో ఉంది.

అక్కడి నుంచి అతడి ఎదుగుదల ఒక్కో మెట్టుగా సాగింది. 2010లో ఎఫ్‌సీ హాలిఫాక్స్ టౌన్ 15,000 పౌండ్ల రుసుము చెల్లించి తీసుకుంది. ఏడో శ్రేణిలో ఉన్న ఆ జట్టు అదే సీజన్‌లో తన డివిజన్ విజేతగా నిలిచింది. 2011 ఆగస్టులో ఐదో శ్రేణి జట్టు ఫ్లీట్‌వుడ్ టౌన్ పిలిచింది. అది పూర్తికాల ఆటగాళ్ల జట్టు. 24 ఏళ్ల వయసులో వార్డీకి ఆట ఒక్కటే వృత్తి అయింది. ఆ సీజన్‌లో 31 లీగ్ గోల్స్ చేశాడు. ఫ్లీట్‌వుడ్ తన చరిత్రలో తొలిసారి లీగ్ టూ స్థాయికి ఎదిగింది. 2012 మే నెలలో రెండో శ్రేణి జట్టు లెస్టర్ సిటీ పది లక్షల పౌండ్లు చెల్లించి అతడిని కొనుక్కుంది. మొదటి నాలుగు శ్రేణులకు వెలుపలి ఆటగాడికి అప్పటివరకు ఎవరూ అంత మొత్తం ఇవ్వలేదు.

పూర్తికాల ఆటలోకి రాగానే కష్టాలు తీరాయనుకోవడం పొరపాటు. లెస్టర్‌లో తొలి సీజన్‌లో వార్డీ చేసిన లీగ్ గోల్స్ నాలుగే. అభిమానుల విమర్శలు, తన సామర్థ్యంపై తనకే అనుమానాలు. ఒక దశలో ఆట వదిలేయాలని కూడా ఆలోచించాడు. మేనేజర్ నైజెల్ పియర్సన్, సహాయకుడు క్రెయిగ్ షేక్‌స్పియర్ అతడికి ధైర్యం చెప్పి నిలిపారు. మరుసటి సీజన్‌లో లెస్టర్ చాంపియన్‌షిప్ గెలిచి ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చింది. 2015 జూన్‌లో, 28 ఏళ్ల వయసులో వార్డీ ఇంగ్లండ్ జట్టు తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. అదే ఏడాది నవంబరులో వరుసగా 11 ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లలో గోల్ చేసి, రూడ్ వాన్ నిస్టెల్‌రాయ్ పేరిట ఉన్న 10 మ్యాచ్‌ల రికార్డును దాటేశాడు. సీజన్ ఆరంభంలో బెట్టింగ్ సంస్థలు ఒకటికి 5,000 చొప్పున పందెం కట్టిన లెస్టర్ జట్టు చివరికి విజేత అయింది. అందులో వార్డీ గోల్స్ 24. నాలుగేళ్ల తరువాత, 33 ఏళ్ల వయసులో, లీగ్‌లోనే అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడిగా నిలిచాడు. 2025 మే నెలలో లెస్టర్ తరఫున తన 500వ, చివరి మ్యాచ్ ఆడి 200వ గోల్ చేశాడు.

వారంలో ఏడు రోజులు ఎలా గడుస్తాయి?

వార్డీ లాంటి ప్రస్థానం ఎందుకు అరుదో తెలియాలంటే పార్ట్‌టైమ్ ఆటగాడి వారం ఎలా ఉంటుందో చూడాలి. పూర్తికాల ఆటగాడు ఉదయం సాధన చేసి, క్లబ్ పెట్టిన భోజనం తిని, మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుంటాడు. గాయమైతే క్లబ్ వైద్యుడు, ఫిజియో చూసుకుంటారు. అతడి ఉద్యోగంలో విశ్రాంతి కూడా ఒక విధి.

పార్ట్‌టైమ్ ఆటగాడు ఉదయం మరో యజమాని దగ్గర పనికి వెళతాడు. సాధారణంగా మంగళ, గురువారాల సాయంత్రాలు సాధన. రోజంతా నిలబడి పనిచేసిన కాళ్లతోనే ఫ్లడ్‌లైట్ల కింద పరుగెత్తాలి. శనివారం మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్. దూరపు ఊళ్లో అయితే ఉదయమే బయలుదేరాలి. వారం మధ్యలో మ్యాచ్ పడితే పనిచోట ముందుగా బయటపడేందుకు అనుమతి అడగాలి, లేదా షిఫ్టు మార్చుకోవాలి. మర్నాడు పొద్దున్నే మళ్లీ పనికి హాజరు కావాలి.

ఈ అమరికలో అతి పెద్ద భయం గాయం. మోకాలు దెబ్బతింటే ఆటతో పాటు కూలి కూడా పోతుంది. నిచ్చెనలెక్కే ప్లాస్టరింగ్ కార్మికుడికి, బరువులెత్తే గిడ్డంగి కూలీకి కాలు సవ్యంగా లేకపోతే పూట గడవదు. క్లబ్ ఇచ్చే కొద్దిపాటి సొమ్ము ఆ నష్టాన్ని పూడ్చలేదు. అందుకే బంతి కోసం నేల మీద జారే ప్రతిసారీ పార్ట్‌టైమ్ ఆటగాడు రెండు జీతాలను పణంగా పెడుతున్నట్టే.

పైశ్రేణి నుంచి పిలుపు వచ్చినప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. పూర్తికాల ఒప్పందం తరచూ ఒకటి, రెండేళ్లకే ఉంటుంది. అప్పటికే స్థిరమైన ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఇంటి అప్పు ఉన్నవాడు ఆ ఉద్యోగాన్ని వదిలి వెళ్లాలా? ఒప్పందం ముగిశాక క్లబ్ కొనసాగించకపోతే పాత ఉద్యోగం తిరిగి దొరుకుతుందా? కొందరికి ఆట, ఉద్యోగం కలిపి వచ్చే ఆదాయం చిన్న స్థాయి పూర్తికాల జీతం కంటే ఎక్కువే ఉంటుంది. అందుకే ప్రతిభ ఉండి కూడా పిలుపును కాదని పార్ట్‌టైమ్‌గానే ఉండిపోయేవారు ఉన్నారు. దాన్ని పిరికితనం అనలేం. అది ఇంటి లెక్క.

ఈ ఇబ్బందులు తెలిసినందునే వార్డీ తన వంతుగా 2016లో వీ9 అకాడమీని ప్రకటించాడు. కింది శ్రేణుల్లో మరుగునపడిన ఆటగాళ్లను ఒకచోట చేర్చి శిక్షణ ఇచ్చి, పెద్ద క్లబ్బుల ప్రతినిధుల కంట పడేలా చేయడం దాని ఉద్దేశం.

ఒక్కరోజు వెలుగు

పార్ట్‌టైమ్ ఆటగాళ్లలో అత్యధికులు జీవితాంతం ఆ శ్రేణుల్లోనే ఉంటారు. ఎప్పుడో ఒకసారి మాత్రం ప్రపంచం వారివైపు చూస్తుంది. 2021 జనవరి 10న లివర్‌పూల్ సమీపంలోని క్రాస్బీలో అదే జరిగింది. ఎఫ్ఏ కప్‌లో ఎనిమిదో శ్రేణి జట్టు మెరైన్, ప్రీమియర్ లీగ్ జట్టు టోటెన్‌హామ్‌తో తలపడింది. ఆ పోటీ చరిత్రలో రెండు జట్ల మధ్య అంతటి శ్రేణీ వ్యత్యాసం అంతకుముందు లేదు. మెరైన్ జట్టులో ఉపాధ్యాయులు ఉన్నారు, చెత్త సేకరించే కార్మికుడు ఉన్నాడు. టోటెన్‌హామ్ 5-0తో గెలిచింది. కరోనా ఆంక్షల వల్ల ప్రేక్షకులకు ప్రవేశం లేకపోయినా, క్లబ్‌ను ఆదుకునేందుకు అభిమానులు 30 వేలకు పైగా 'వర్చువల్' టికెట్లు కొన్నారు.

2025 జూన్‌లో అమెరికాలో జరిగిన ఫిఫా క్లబ్ ప్రపంచకప్‌లో న్యూజిలాండ్‌కు చెందిన ఆక్లాండ్ సిటీ ఆడింది. ఓషియానియా ఖండ విజేతగా అర్హత పొందిన ఆ జట్టు ఆటగాళ్లందరికీ వేరే ఉద్యోగాలు, చదువులు ఉన్నాయి. క్లబ్ నుంచి వారికి అందేది వారానికి గరిష్ఠంగా 150 న్యూజిలాండ్ డాలర్లు. టోర్నీ కోసం ఉద్యోగాలకు సెలవు పెట్టి వచ్చారు. తొలి మ్యాచ్‌లో బయర్న్ మ్యూనిక్ చేతిలో 10-0తో, రెండో మ్యాచ్‌లో బెన్‌ఫికా చేతిలో 6-0తో ఓడిపోయారు. జూన్ 24న నాష్‌విల్‌లో అర్జెంటీనా దిగ్గజం బోకా జూనియర్స్‌తో మూడో మ్యాచ్. వెనుకబడిన దశలో, ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న డిఫెండర్ క్రిస్టియన్ గ్రే తలతో కొట్టిన బంతి గోల్‌లోకి వెళ్లింది. మ్యాచ్ 1-1తో డ్రా అయింది. టోర్నీ నుంచి నిష్క్రమించిన ఆటగాళ్లు తిరిగి తమ కొలువులకు వెళ్లారు.

భారత్‌లో ఉద్యోగమే జీతం

భారతదేశంలో ఈ కథ మరో రూపం తీసుకుంది. ఇక్కడ ఆటగాడు పనిచేసే సంస్థే జట్టును నడిపింది. రైల్వేలు, సైన్యం, పోలీసు శాఖలు, బ్యాంకులు, ప్రభుత్వరంగ సంస్థలు ఆటగాళ్లకు కొలువులిచ్చి జట్లు నిర్మించాయి. ఆటగాడికి జీతం వచ్చేది ఉద్యోగి హోదాలో. పని వేళల్లో సాధనకు మినహాయింపు, ఆట ముగిశాక కూడా కొనసాగే కొలువు, పదవీ విరమణ తరువాత పింఛను. చాలా పేద కుటుంబాలకు ఫుట్‌బాల్ అంటే ప్రభుత్వోద్యోగానికి ఒక దారి.

ఆ పద్ధతికి అతి గొప్ప ఉదాహరణ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఉపాధ్యాయుడిగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా సాధించింది. రహీమ్ మార్గదర్శకత్వంలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ స్వర్ణయుగానికి హైదరాబాద్ అందించిన ఆటగాళ్లలో పలువురు పోలీసు కొలువులో ఉన్నవారే.

కోల్‌కతాలో పీకే బెనర్జీ ఎంచుకున్న మార్గం మరింత ఆలోచింపజేస్తుంది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు నాయకత్వం వహించిన ఆయన, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి పెద్ద క్లబ్బులకు ఎన్నడూ ఆడలేదు. 1955 నుంచి ఆట విరమించేదాకా ఈస్టర్న్ రైల్వే జట్టులోనే ఉన్నారు. 1958లో ఆ రైల్వే ఉద్యోగుల జట్టు కలకత్తా లీగ్ గెలిచింది. మూడు పెద్ద క్లబ్బులు కాకుండా మరో జట్టు ఆ లీగ్ గెలవడానికి 2019 వరకు, అంటే 61 ఏళ్లు వేచి చూడాల్సి వచ్చింది.

కేరళకు చెందిన ఐఎం విజయన్ చిన్నతనంలో త్రిస్సూర్ స్టేడియంలో సోడాలు అమ్మాడు. 1987లో కేరళ పోలీసు జట్టులో చోటు దక్కడం అతడి జీవితాన్ని మార్చింది. ఆ జట్టు 1990, 1991లో వరుసగా ఫెడరేషన్ కప్ గెలిచింది. తరువాత పెద్ద క్లబ్బులకు ఆడి, భారత జట్టు నాయకుడై, ఆట ముగిశాక పోలీసు అధికారిగా కొనసాగి 2025లో పదవీ విరమణ చేశాడు. అదే ఏడాది కేంద్రం అతడికి పద్మశ్రీ ప్రకటించింది. సోడా సీసాల నుంచి పద్మశ్రీ దాకా సాగిన ఆ దారిలో పోలీసు కొలువు అతడికి తొలి మెట్టు, చివరి నీడ కూడా.

కొలువు లేని వృత్తి

1996లో జాతీయ లీగ్, 2007లో ఐ-లీగ్, 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలవడంతో భారత ఫుట్‌బాల్ పూర్తికాల వృత్తి వైపు నడిచింది. క్లబ్బులు స్వతంత్ర సంస్థలుగా ఉండాలన్న లైసెన్సింగ్ నిబంధనలు వచ్చాయి. వాటిని అందుకోలేక 2013లో ఎయిర్ ఇండియా, ఓఎన్‌జీసీ జట్లు ఐ-లీగ్‌కు దూరమయ్యాయి. అంతకుముందే మహీంద్రా యునైటెడ్, జేసీటీ జట్లు మూతపడ్డాయి.

ఈ మార్పుతో అగ్రశ్రేణి ఆటగాళ్ల జీతాలు పెరిగాయి. శిక్షణ, వైద్యం, మైదానాల స్థాయీ మెరుగైంది. అయితే ఒప్పందం ముగిశాక నిలబడే కొలువు వారికి లేకుండా పోయింది. ఇంగ్లండ్‌లో ఉన్నట్టు అట్టడుగు నుంచి పైదాకా మెట్లు కూడా ఇక్కడ ఆలస్యంగానే ఏర్పడ్డాయి. ఐ-లీగ్ విజేతకు ఐఎస్ఎల్‌లో ప్రవేశం 2023లో గానీ మొదలుకాలేదు.

ఆ అభద్రత ఎంతటిదో 2025లో స్పష్టమైంది. లీగ్ నిర్వహణ హక్కుల ఒప్పందంపై ప్రతిష్టంభనతో జులైలో ఐఎస్ఎల్ కొత్త సీజన్‌ను నిలిపివేశారు. కొన్ని క్లబ్బులు ఆటగాళ్లకు జీతాల చెల్లింపును ఆపేశాయి. తెలుగు అభిమానులకు ఈ అనుభవం మరింత దగ్గరిది. 2022 మార్చిలో ఐఎస్ఎల్ విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, రెండేళ్లు తిరక్కుండానే జీతాల బకాయిల వివాదాల్లో చిక్కుకుంది. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. సిటీ పోలీసుల నగరానికి అగ్రశ్రేణి లీగ్‌లో జట్టు లేకుండా పోయింది.

అలాగని పాత పద్ధతే మేలని చెప్పడం తేలిక కాదు. ఉద్యోగి జట్ల కాలంలో ఆటగాడు తన సత్తాకు తగిన ధర అడగలేకపోయేవాడు. కొలువు పోతుందన్న భయంతో మంచి అవకాశాలు వదులుకున్నవారూ ఉండేవారు. కొత్త పద్ధతి ధర ఇచ్చింది కానీ ధీమా ఇవ్వలేదు. వార్డీకి ఈ రెండూ వేర్వేరు చోట్ల దొరికాయి. కర్మాగారం కూడు పెట్టింది, లీగ్ పైకి దారి చూపింది. భారత ఆటగాడికి నేటికీ ఆ రెండూ ఒకేసారి దొరకడం అరుదు.

2024 డిసెంబరు 31న హైదరాబాద్‌లోని గచ్చిబౌలి స్టేడియంలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. కేరళపై అదనపు సమయానికి ముందు, చివరి నిమిషాల్లో రబీ హన్స్‌దా చేసిన ఏకైక గోల్‌తో పశ్చిమ బెంగాల్ గెలిచింది. టోర్నీలో అతడివి మొత్తం 12 గోల్స్. కొద్ది రోజులకే బెంగాల్ ప్రభుత్వం విజేత జట్టుకు బహుమతి ప్రకటించింది. ఆటగాళ్లు ఎంతో కాలంగా కోరుకుంటున్న ఆ బహుమతి ప్రభుత్వ ఉద్యోగం.